కువైట్‌లో హీటరేంటి?

కువైట్‌లో కారు హీటర్ పాడైందని చెబితే ఫోన్లో మా బావ పడీపడీ నవ్వాడు. "అక్కడ కారే ఒక పొయ్యి గదరా, మళ్లీ హీటరెందుకు?" అని. ఆయన మాటా అబద్ధం కాదు. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. కానీ జనవరి సంగతి వేరు. ఎడారి మీదుగా వాయవ్యపు గాలి మొదలైతే తెల్లవారుజామున మా ఫహాహీల్ సముద్రపు ఒడ్డున కూడా చెవులు జివ్వుమంటాయి.

ఆ జనవరిలో అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. రాజంపేట దాటి పెద్దగా తిరగని మనిషి. ఎడారిలో కూరగాయలు పండుతాయంటే నమ్మలేదు. సరే చూపిద్దామని ఓ శుక్రవారం చీకటితోనే వఫ్రా తోటలకు బయల్దేరాం. ఆమె వెనక సీట్లో కూర్చుంది. హీటర్ వేశాను. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర కాస్త వెచ్చగానే వచ్చింది. మినా అబ్దుల్లా దాటి వఫ్రా రోడ్డెక్కాక ఒట్టి చల్లగాలి.

"చలేస్తోందా అమ్మా?"

"లేదు నాయనా, బాగానే ఉండాది."

రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే మాట. అక్కడ దిగేటప్పుడు చెప్పులు తొడుగుదామని పాదాలు పట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి. దారంతా కాళ్లు సీటు మీదికి మడుచుకుని చీర కుచ్చిళ్లు చుట్టుకుని కూర్చుందట. చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు బండి నడుపుతా ఉంటే ఎందుకులే" అంది.

ఆ సాయంత్రం బానెట్ ఎత్తాను. కారు హీటర్‌కి వేరే పొయ్యి ఉండదు. ఇంజన్ చుట్టూ తిరిగి కాగిన నీళ్లు డాష్‌బోర్డ్ వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వస్తాయి, ఫ్యాన్ దాని మీంచి గాలిని మన మీదికి తోస్తుంది. కాబట్టి ముందు చూడాల్సింది నీళ్లు. ఇంజన్ చల్లారాకే మూత తీయాలి, లేకపోతే మొహం కాలుతుంది. కూలెంట్ నిండుగానే ఉంది. అది తక్కువైతే మామూలుగా ఆగినప్పుడు చల్లగా, ఇంజన్ రేజ్ చేస్తే వేడిగా వస్తుంది. నాది తలకిందులు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్‌కి వెళ్లే రెండు రబ్బరు గొట్టాలూ పట్టుకుని చూశాను. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే లోపల పూడుకుపోయిందని అర్థం. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. హైవే మీదికి తీసుకెళ్తే టెంపరేచర్ ముల్లు కిందికి జారింది. సిగ్నల్ దగ్గర ఆగితే పైకి లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆగస్టులో నేను చేసిన పని.

ఎండల్లో ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ తీయించేశాను. నీళ్లు 80 డిగ్రీలు దాటేదాకా రేడియేటర్ వైపు పోకుండా ఆపేది అదే. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లో చల్లారుతూనే ఉంటాయి, చలి గాలిలో స్పీడుగా పోతే ఇంజన్ కాగనే కాగదు. "ఈ దేశానికి వాల్వ్ ఎందుకు?" అన్నవాళ్ల మాట విన్నాను. కొత్తది వేసుకునే డబ్బుల్లేక కాదు.

సనయ్యాలో ఈసారి వేరే గ్యారేజీకి పోయాను. మెకానిక్ మన రాయచోటి మనిషే. లోపల చూసి, "ఎవురన్నా ఇది పీకించింది?" అన్నాడు. పాత ఓనరని అబద్ధమాడాను. ఆయన రేడియేటర్ వైపు చూపించాడు. దుమ్ము, ఇసుక పట్టి సగం మూసుకుపోయి ఉంది. ఆగస్టులో బండి వేడెక్కింది అందుకే. కడిగిస్తే పోయేదానికి వాల్వ్ పీకించానన్నమాట. కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే నీళ్లు పక్కదారి పట్టి ఇంకా వేడెక్కుతాయని కూడా ఆయనే చెప్పాడు.

గంటన్నరలో పని అయిపోయింది. అమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులుంది. మర్నాడు తెల్లవారుజామునే ఆమెని ఎక్కించుకుని మళ్లీ అదే రోడ్డెక్కాను. ఈసారి ముందు సీట్లో కూర్చోబెట్టి, గాలి పాదాల మీదికి తిప్పాను. ముల్లు సగం దగ్గర నిలబడింది, కదల్లేదు.

మినా అబ్దుల్లా దాటాక అడిగాను, ఎలా ఉందమ్మా అని.

"బాగానే ఉండాది నాయనా" అంది.

ఆ మాటని నేనిక నమ్మను. స్టీరింగ్ మీంచి ఓ చెయ్యి తీసి ఆమె చెయ్యి పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉంది.

"రోడ్డు చూసి నడుపు" అని కసిరింది.