గోడయు వాకిలియు



వేసవికాలమున తాటాకుల ఇండ్లున్న పల్లెలో ఒక ఇంటికి నిప్పంటుకొనిన యెడల, గాలి వాటమున వరుస యంతయు కాలిపోవుట మన పెద్దలు చూచియున్నారు. అందుచేతనే ఇల్లును ఇల్లును ఆనుకొనియుండు పట్టణములలో నిప్పు దాటనేరని గోడ నొకటి నడుమ లేపుదురు. దానిని ఇంగ్లీషువారు ఫైర్‌వాల్ అందురు. ఇంటర్నెట్టు గల పాఠశాలలలోను ఆఫీసులలోను అదే పేరు గల మరియొక గోడ కలదు. అది ఇటుకలతో కట్టినది కాదు. లోపలికి వచ్చుదానిని, బయటికి పోవుదానిని చూచి, నియమము చొప్పున కొన్నిటిని పోనిచ్చి కొన్నిటిని ఆపును. ఆ గోడను గూర్చియు, దానిని దాటు దొడ్డిదారిని గూర్చియు నాలుగు మాటలు చెప్పగోరుచున్నాను. ఏలయనగా మన పిల్లలలో అనేకులు ఆ దారి ఎరుగుదురు.

నేను ఒక ఉన్నత పాఠశాలలో కంప్యూటరు గదిని చూచుకొనువాడను. క్రిందటి సంవత్సరము పదవ తరగతి బాలిక యొకతె, గుండె పనిచేయు విధమును చూపు వీడియో కావలెనని అక్కడ కూర్చుండెను. గోడ ఆ సైటును మూసియుండెను. ప్రక్కనున్న తొమ్మిదవ తరగతి బాలుడు, "అదెంత పని అక్కా! వీపీఎన్ పెడితే సరి" అని ఉచితముగా దొరకు నొకదానిని ఎక్కించి యిచ్చెను. పాఠము కనబడెను, మరునాడు సంగతియు బయటపడెను. పరీక్షలు ముగియువరకు ఆమెను ఆ గదిలో అడుగు పెట్టనీయరాదని కొందరు ఉపాధ్యాయులు పట్టుబట్టిరి. ఇంటియొద్ద ఫోను లేని ఆ పిల్లకు ఆ గదియే ఆధారము.

ఆ దొడ్డిదారి ఎట్టిదో వినుడి. మీ ఉత్తరముమీది చిరునామా చూచి ఒకడు దానిని ఆపుచున్నాడనుకొనుడి. మీరు ఆ ఉత్తరమును మరియొక కవరులో పెట్టి, పైని వేరొకని చిరునామా వ్రాసితిరి. అతడు పైకవరు విప్పి, లోపలిదానిని చేరవలసిన చోటికి పంపును. వీపీఎన్ చేయునది ఇదియే. ఇది తనంతట చెడ్డది కాదు. ఇంటినుండి పనిచేయు ఉద్యోగులు తమ ఆఫీసు కంప్యూటర్లను క్షేమముగా చేరుటకు ఆఫీసువారే దీనిని ఇచ్చుట కలదు. అయితే మీరు ఏ యే సైట్లకు పోవుచున్నారో గోడకు తెలియకపోయినను, ఆ మధ్యవర్తికి తెలియును.

కూలి అడుగక మోయువాడు దేనిని ఆశించి మోయుచున్నాడు? ఓనావో ప్రొటెక్ట్ అను వీపీఎన్ ఒకటి యుండెను. ప్రొటెక్ట్ అనగా కాపాడుట. 2013లో ఓనావోను కొనిన ఫేస్‌బుక్ సంస్థ, ప్రజలు తమ ఫోనులలో ఏ యాప్‌ను ఎంత వాడుచున్నారో దానిద్వారా తెలిసికొనుచుండెను. 2019లో అది మూతబడెను. 2023లో ఆస్ట్రేలియా న్యాయస్థానము, జనులను తప్పుదారి పట్టించినందుకు 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను. కంచెయే చేను మేసినదనుట ఇదే గదా! హోలా అను మరియొకదాని సంగతి 2015లో బయటపడెను. దానిని ఉచితముగా వాడుకొనువారి ఇంటర్నెట్టు కనెక్షను ఇతరులకు అమ్మబడుచుండెను. అనగా, ముక్కు మొగము తెలియనివాడు చేసిన పని మీ ఇంటి గుర్తుమీద జరుగును.

గోడమాత్రము తప్పు చేయదా? చేయును. 1996లో ఇంగ్లండులోని స్కంథార్ప్ పట్టణవాసులు ఏఓఎల్ అను సంస్థలో ఖాతా తెరువబోగా, వారి ఊరి పేరులో వరుసగా నాలుగక్షరములు బూతుమాటగా నున్నవని యంత్రము వారిని త్రోసివేసెను! యంత్రము అక్షరములు చూచును గాని అర్థము ఎరుగదు. మా గోడయు అట్లే పాఠమని ఆట అని భేదము లేక వీడియోలన్నిటిని మూసెను.

ఉపాధ్యాయుల కూటములో నేను ఇట్లంటిని: "పిల్ల దొడ్డిదారిన పోయినమాట నిజమే. కాని అడుగుటకు వాకిలి ఏది?" హెడ్మాస్టరుగారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "ఒక పుస్తకము వ్రేలాడదీయండి" అనిరి. కావలసిన సైటు, దాని కారణము, తన పేరు అందులో వ్రాయవలెను. తగినదైన యెడల ఆ దినమే తెరువవలెను. బాలికను గదినుండి వెలివేయలేదు. ఆ వీపీఎన్‌ను తన చేతితోనే తీసివేసి, ఎందుకు తీసెనో చిన్న తరగతులవారికి చెప్పవలెనని నిర్ణయమాయెను. ఆమె చక్కగా చెప్పెను. ఆ పుస్తకములో మొదటి పంక్తి గుండె పాఠము. రెండవది క్రికెట్ స్కోరు. కారణము "నాకు ఇష్టము" అని యున్నది. దానిని తెరువలేదు.

తల్లిదండ్రులారా, పాఠశాల గోడ మీ ఇంటి ఫోనువరకు రాదు. కాబట్టి బిడ్డను "ఏమి చూచుచున్నావు?" అని మాత్రమే గాక, "ఎవరి చేతిమీదుగా పోవుచున్నావు?" అనియు అడుగుడి. ఆఫీసులలో పనిచేయు యౌవనులారా, అక్కడి కంప్యూటరు మన సొంతము కాదు. మన ఒక్కరి సౌకర్యమునకై గోడకు కన్నము వేసినయెడల, తోటివారి జీతములు, కాగితములు అన్నియు ఆ కన్నమునకు ఎదురుగా నుండును. గోడ అడ్డమైనప్పుడు దానిని చూచుకొనువారియొద్దకు పోయి, పని చెప్పి అడుగుడి. గోడ కట్టు పెద్దలారా, అడుగవచ్చిన వారికొరకు వాకిలి యొకటి ఉంచుడి. పిలుపు విని తెరచువాని నొకనిని అక్కడ కూర్చుండబెట్టుడి.