తాడుకి ఇవతల

"మీ అమ్మాయి ఇంగ్లండులో ఏం చదువుతోందండీ?" అని శ్రావణ శుక్రవారం పేరంటాల్లో ఎవరైనా అడిగితే, "బి.ఎస్సీ." అనేసి, "శనగలు బాగా నానాయండీ" అని మాట మార్చేసేదాన్ని. అబద్ధం కాదు. డిగ్రీ పేరులో బి.ఎస్సీ. ఉన్నమాట నిజమే. దాని పక్కనున్న "ఫుట్‌బాల్ కోచింగ్" అన్న ముక్కని మాత్రం రెండేళ్ళపాటు మింగేశాను.

ఒకసారి నోరుజారి "కోచింగు" అన్నాను. "ఏ కోచింగండీ, ఐ.ఏ.ఎస్.కా?" అన్నారు పక్కింటావిడ. మనకి కోచింగంటే అదేగా మరి! నేను కాదనలేదు. చెప్పొద్దూ, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంటి కాగితాలు బాంకులో పెట్టి పంపించాం. బంతాటకి ఇల్లు తాకట్టేమిటని నేను రెండు పూటలు అన్నం మానేశాను. మా వారు అటూ ఇటూ కాకుండా పేపరు చదువుకున్నారు. దాన్ని వెనకేసుకొచ్చింది ఎనభై అయిదు దాటిన మా మామగారొక్కరే. ఆయన పుట్టి పెరిగిందంతా హైదరాబాదు. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన ముచ్చట ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు.

"వాళ్ళకి ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరనుకున్నావమ్మా? బడిపంతులు! ఆ పంతులే మన దేశం జట్టుని 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానందాకా తీసుకెళ్ళాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి ఏషియాడ్ బంగారు పతకం తెచ్చాడు. మరుసటేడే కాన్సరుతో పోయాడు, పాపం. ఆట వచ్చినవాళ్ళు బోలెడుమంది. చెప్పడం వచ్చినవాడేడీ?" అన్నారాయన. మామగారికి ఎదురు చెప్పే అలవాటు లేక ఊరుకున్నాను గాని, లోపల రుసరుసలాడుతూనే ఉన్నాను.

కిందటేడు రెండు నెలలు దాని దగ్గరుండి వద్దామని వెళ్ళాను. తీరా చూస్తే అది గుమ్మం దగ్గర బురదబూట్లు, గదిలో పుస్తకాలు, మంచం కింద ఓ బస్తాడు రంగురంగుల ప్లాస్టిక్ కోన్లు! సగం చదువు తరగతి గదిలోనట. ఒంట్లో కండరాలెలా పనిచేస్తాయి, పిల్లల మనసెలా ఎదుగుతుంది, ఆట వీడియో ముందుకీ వెనక్కీ తిప్పి తప్పెక్కడ మొదలైందో పట్టుకోవడం. మిగతా సగం మైదానంలో, బళ్ళలో, ఊళ్ళోని చిన్నచిన్న క్లబ్బుల్లో. పిల్లల దగ్గరికి వెళ్ళేముందు పోలీసు రికార్డు చూపించాలి, ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. గంటసేపు ఆడించడానికి రెండు పేజీల పథకం రాస్తుంది. ఏ ఆట ఎన్ని నిమిషాలు, ఎందుకు అని. అయ్యాక ఏది కుదరలేదో మళ్ళీ ఓ పేజీ. మనం రోజూ వంటయ్యాక "పులుసులో ఉప్పు ఎందుకెక్కువైంది" అని రాసుకోవాల్సి వస్తే ఎంతమందిమి మిగులుతాం చెప్పండి!

పోనీ డిగ్రీ వస్తే చాలా అంటే, చాలదట. యూరప్ ఫుట్‌బాల్ సంఘంవాళ్ళ లైసెన్సులు వేరే ఉన్నాయి. సి, బి, ఎ, ఆపైన ప్రో. నిచ్చెనలా ఒక్కొక్కటే ఎక్కాలి. కొత్తవాళ్ళకి దొరికేవన్నీ చాలావరకు సాయంత్రాలూ శనాదివారాలూ గంటల లెక్కన జీతమిచ్చే పనులే. అది విన్న రాత్రి నాకు బాంకు మేనేజరు కల్లోకొచ్చాడు.

ఆదివారం పొద్దున్నే నన్నూ మైదానానికి తీసుకెళ్ళింది. సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. ఎనిమిదీ తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు. గీతకి కాస్త దూరంలో ఓ తాడు కట్టి ఉంది. "అమ్మలూ నాన్నలూ తాడు దాటకూడదమ్మా" అంది. మైదానం పక్కన నిలబడి పిల్లల్నీ రిఫరీనీ తిట్టే పెద్దలు ఎక్కువైపోయి, 2008లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ మర్యాదల ఉద్యమం మొదలుపెట్టిందట. అంతేకాదు, మెదడుకి మంచిది కాదని 2020 నుంచి ప్రాథమిక పాఠశాల పిల్లల చేత సాధనలో తలతో బంతి కొట్టించకూడదని కూడా చెప్పారట. మామగారికి చెబితే నమ్మలేదు!

దూరంగా వాళ్ళ మాస్టారు నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డారు. ఆయన మార్కులు వేసేది పిల్లలకి కాదు, మా అమ్మాయికి.

ఓ బొద్దుపిల్ల ఉంది. బంతి కాళ్ళదగ్గరికి రావడం పాపం, కళ్ళు మూసుకుని ఎటో తన్నేస్తోంది. నాలుగుసార్లు చూశాను. అయిదోసారి ఉండబట్టలేక, "ఆ పిల్లని కాస్త చూసి కొట్టమనవే!" అని తెలుగులో ఒక్క కేక పెట్టాను. తాడుకి ఇవతలున్న వాళ్ళంతా నావైపు తిరిగారు. మా అమ్మాయి తిరగలేదు. అరచెయ్యి ఒకటి ఎత్తింది, అంతే.

విరామంలో ఆ పిల్లముందు గొంతుక్కూర్చుని ఏదో మాట్లాడింది.

"ఏం చెప్పావే?" అన్నాను బస్సులో.

"ఏం చెప్పలేదమ్మా. బంతి వచ్చేముందు నీకెవరెవరు కనిపించారని అడిగాను. ఎవరూ కనిపించలేదంది. ఈసారి చూసి నాకు చెప్పమన్నాను."

తరవాతి ఆటలో ఆ పిల్ల బంతి రాకముందే ఒక్కసారి తల తిప్పి చూసిన మాట నిజమే. చూసి కూడా బంతి పోగొట్టుకుంది. మా అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టింది.

"బంతి పోతే చప్పట్లేమిటే?"

"తల తిప్పిందిగా!"

ఆ పిల్ల వయసులోనే మా అమ్మాయికి భిన్నాలు నేను చెప్పాను, స్కేలు పక్కన పెట్టుకుని. తప్పు చేస్తే ఏం చేశానో దానికీ తెలుసు, నాకూ తెలుసు. నీకేం కనిపించిందే అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. "నీకు లెక్కలు చెప్పేటప్పుడు..." అని మొదలుపెట్టాను.

"చలేస్తోందా? ఈ శాలువా కప్పుకో అమ్మా" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మరుసటి ఆదివారం కూడా వెళ్ళాను. తాడు పట్టుకుని గంటసేపు నోరు మూసుకు నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

ఈ శ్రావణంలో పక్కింటావిడ మళ్ళీ అడిగారు. "ఫుట్‌బాల్ కోచింగండీ. పిల్లలకి ఆట నేర్పే చదువు" అన్నాను.

"ఆహా! జీతం బాగా ఉంటుందాండీ?"

"ప్రస్తుతానికి గంటల లెక్కనండీ."

ఆవిడ ఒక్క క్షణం నావంకా, చేతిలోని పొట్లంవంకా చూసి, "శనగలు బాగా నానాయి కదండీ" అన్నారు.