హ్యూమ్ దారిలో హోల్డెన్లు, ఫాల్కన్లు

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి విమానంలో గంటన్నర. అయినా ఆ రెండు ఊళ్ల మధ్య ఉన్న సుమారు 840 కిలోమీటర్ల హ్యూమ్ హైవే మీద ఒక్కసారైనా పోనివాణ్ని ఆస్ట్రేలియాలో పాతతరం వాళ్లు డ్రైవరుగా లెక్కలో వేసుకోరు. ఏ కారులో పోయావన్నది వాళ్ల రెండో ప్రశ్న. దానికి చాలాకాలం రెండే జవాబులుండేవి: హోల్డెన్, లేకపోతే ఫోర్డ్ ఫాల్కన్. క్రైస్లర్ వాలియంట్ అన్నవాణ్ని కాస్త ఎగాదిగా చూసేవారు.

సిడ్నీలో ఆష్‌ఫీల్డ్ దగ్గర పారమటా రోడ్డు నుంచి చీలి, లివర్‌పూల్ రోడ్డు పేరుతో నైరుతి దిక్కుగా బయల్దేరుతుంది ఈ దారి. ఊరు దాటేదాకా హైవే లక్షణాలేమీ ఉండవు. సిగ్నళ్లు, బస్సులు, ఫర్నిచర్ షాపులు, మధ్యమధ్య సెకండ్‌హ్యాండ్ కార్ల యార్డులు. యార్డు పైన రంగురంగుల జెండాల తోరణాలు, కార్ల అద్దాల మీద తెల్లరంగుతో రాసిన ధరలు. 2000 తర్వాత చదువులకని వచ్చిన మన పిల్లల్లో చాలామంది మొదటి కారు బేరమాడింది ఇలాంటి యార్డుల్లోనే, లేదా ఎవరో అమ్మకం కాగితం అంటించి ఇంటిముందు నిలబెట్టిన కారు దగ్గర. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంట్లో స్కూటరు తప్ప ఎరగని కుర్రాడు, ముందొచ్చిన సీనియర్‌ని వెంటబెట్టుకెళ్లి, "అన్నా, రీజో ఇంకా ఎన్ని నెలలుందో అడుగు" అని చెవిలో గొణిగేవాడు. రీజో అంటే రిజిస్ట్రేషన్. అది అయిపోవచ్చిన కారు ఎంత చౌకైనా చివరికి చేతి చమురు వదిలిస్తుంది. ముగ్గురు నలుగురు కలిసి డబ్బులేసుకుంటే, పదేళ్లు దాటిన హోల్డెన్ కమడోర్ ఒకటి రెండువేల డాలర్లకు దొరికేది. నిమ్మకాయలు కొనుక్కొచ్చి టైర్ల కింద పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బానెట్ మీద చెయ్యేసి నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపేవారు. నలుగురిలో ఎవరి ఇంటి చరిత్ర తీసినా, వంశంలో మొట్టమొదటి కారు అదే.

అక్కడివాళ్ల మొదటి కారు కథ వేరు. పదిహేడేళ్లు నిండి ఎర్ర 'పీ' అక్షరం పలక అంటించుకోగానే, తాతగారు ఆదివారం చర్చికి తప్ప బయటికి తియ్యని హోల్డెన్ కింగ్స్‌వుడ్ మనవడి చేతికొచ్చేది. ఇరవై ఏళ్లు షెడ్డులో చల్లగా ఉన్న కారు ఆర్నెల్లలో సొట్టలు పడేది. ఆ సొట్టల పురాణం చెప్పేటప్పుడు అరవై ఏళ్ల పెద్దమనుషుల ముఖాలు చూడాలి.

లివర్‌పూల్ దాటాక ఇప్పుడు గంటకు 110 కిలోమీటర్ల ఫ్రీవే. పాత రోడ్డు మాత్రం క్యామ్డెన్ మీదుగా రేజర్‌బ్యాక్ కొండెక్కి పిక్టన్‌లో దిగేది. కారు దమ్ము తేలేది అక్కడే. ఎండాకాలం ఆ ఎక్కుడులో రేడియేటర్లు బుసలు కొట్టేవి. అందుకే ముందు బంపర్‌కి ఒక కాన్వాస్ నీళ్లసంచి వేలాడదీసేవారు. గుడ్డలోంచి నీళ్లు చెమర్చి, ఎదురుగాలికి ఆరి, లోపలి నీళ్లు చల్లగా ఉండేవి. తాగడానికీ అవే, ఇంజనుకీ అవే. 1979 ఏప్రిల్‌లో లారీ డ్రైవర్లు రోడ్డు పన్నుకి ఎదురుతిరిగి బళ్లు అడ్డంపెట్టింది కూడా ఈ కొండమీదే. వాళ్లకి తెలుసు, సిడ్నీ మెల్‌బోర్న్‌ల గొంతు ఎక్కడ నొక్కాలో.

ఇలాంటి ఎక్కుళ్లకీ గుంతలకీ తట్టుకోవాలనే హోల్డెన్‌ని తయారుచేశారు. 1948 నవంబర్ 29న మెల్‌బోర్న్‌లోని ఫిషర్‌మన్స్ బెండ్ ఫ్యాక్టరీలో ప్రధాని బెన్ చిఫ్లీ మొదటి కారును ఆవిష్కరించారు. ఆయన రాజకీయాల్లోకి రాకముందు రైలింజను డ్రైవరు. ఆ కారుకి ముద్దుపేరేమీ పెట్టలేదు, 48-215 అని ఒక నంబరు, అంతే. ఆరు సిలిండర్లు, 2.15 లీటర్ల ఇంజను, మూడు గేర్లు. పన్నులతో కలిపి 733 పౌన్లు, మామూలు కార్మికుడికి దాదాపు రెండేళ్ల సంపాదన. 'ఆస్ట్రేలియా సొంత కారు' అని ఊరూరా చాటారు గానీ, దాని మొదటి నమూనాలు చేతితో కట్టింది అమెరికాలోని డెట్రాయిట్‌లో, జనరల్ మోటార్స్ ఇంట్లో. 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీన్లు కుట్టే వ్యాపారంగా మొదలైన హోల్డెన్‌ను జనరల్ మోటార్స్ 1931లోనే కొనేసింది. దీన్ని గుర్తుచేస్తే పాతకాపులకి ఇప్పటికీ మంటే.

గోల్బర్న్‌లో పదిహేను మీటర్ల కాంక్రీటు పొట్టేలు ఉంది. ఊరికి బైపాస్ పడ్డాక, బేరాల్లేక పాపం దాన్ని కూడా 2007లో ఫ్రీవే దగ్గరికి జరిపారు. ఆ పక్క పెట్రోలుబంకులో ఒక పెద్దాయన 1964 నాటి ఈహెచ్ హోల్డెన్‌కి పెట్రోలు పోసుకుంటూ కనిపించాడు. ఆయన్ని కదిలిస్తే చాలు. బానెట్ ఎత్తి చూపించాడు: ఎర్రరంగు పూసిన ఇంజను మధ్యలో నిటారుగా ఉంది, దాని రెండు పక్కలా నేల కనిపించేంత చోటు. కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, ఆరు ప్లగ్గులు, అన్నీ చేతికందే ఎత్తులో. నాలుగు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు ఉంటే దీన్ని రోడ్డు పక్కనే విప్పి బిగించవచ్చన్నాడు. లోపల ముందుసీటు ఒకటే పొడుగు బెంచి, గేరుకర్ర స్టీరింగ్ పక్కన, స్పీడోమీటరు మైళ్లలో, హెడ్‌లైటు డిమ్ చెయ్యడానికి ఎడమపాదం కింద ఒక బొత్తాం. నాకు ఒక్కసారిగా మన అంబాసిడర్‌లో కూర్చున్నట్టే అనిపించింది. పెళ్లికి ముందుసీట్లో ముగ్గురు, వెనక ఐదుగురు ఎక్కిన ఆ బెంచీనే ఇక్కడా పిల్లల్ని సర్ది బీచికి తీసుకెళ్లింది. తేడా అల్లా ఇంజను దగ్గరే. అంబాసిడర్‌ని ఎంత తొక్కినా దాని నడక దానిదే. ఈహెచ్ మాత్రం చూడటానికి పెద్దమనిషి, తొక్కితే కుర్రాడు. అందుకే ఏడాదిన్నరలో రెండున్నర లక్షల పైన అమ్ముడుపోయింది.

సీటు బెల్టు ఉందా అని అడిగితే, తర్వాత పెట్టించానని నడుముకి అడ్డంగా ఉన్న పట్టీ చూపించాడు. బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి చేస్తూ ప్రపంచంలో అందరికంటే ముందు చట్టం చేసింది విక్టోరియా రాష్ట్రమే, 1970లో. ఈ రోడ్డు చివరి భాగం ఆ రాష్ట్రంలోనే పోతుంది. అప్పట్లో చాలామటుకు ఎదురూబొదురూ బళ్లు ఒకే తారుపట్టీ మీద పరిగెత్తేవి. చీకట్లో లారీని దాటబోయి పోయినవాళ్ల కథ లేని ఊరు లేదు ఈ దారిలో. పాత కార్ల మీద ఎంత మోజున్నా ఆ సంగతి మరవకూడదు.

యాస్ దాటి గండగై చేరేసరికి మరంబిడ్జీ నది. రోడ్డుకి పేరిచ్చిన హామిల్టన్ హ్యూమ్, తోడొచ్చిన విలియం హోవెల్‌తో కలిసి 1824లో దక్షిణ సముద్రం వెతుక్కుంటూ బయల్దేరినప్పుడు ఈ నది వరదలో ఉంది. బండి చక్రాలు ఊడదీసి, బండిపెట్టెకి టార్పాలిన్ చుట్టి, దాన్నే పడవగా చేసుకుని దాటారు. ఈ దారిలో రిపేరు చేసుకుంటూ ముందుకు పోయిన తొలి బండి అదే అనుకోవచ్చు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఒక దశలో విడిపోదామని సామాను పంచుకుంటూ, పెనం దగ్గర తగవొచ్చి, ఒకరు పిడి, ఒకరు పెనం లాక్కున్నారని చెప్పుకుంటారు. తిరిగొచ్చాక కూడా ఘనత ఎవరిదన్న గొడవ ఏళ్ల తరబడి సాగింది. ఇలాంటి జంట నడిచిన దారిలో జనం రెండు పార్టీలై హోల్డెనా ఫోర్డా అని కొట్టుకోవడంలో వింతేముంది? అక్టోబరులో బాథర్స్ట్ కార్ల రేసు రోజున ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేర్వేరు గదుల్లో టీవీ చూసేవారంటే నమ్మాలి. హోల్డెన్ ఇంట్లో పుట్టినవాడు ఫోర్డ్ కొంటే కులాంతర వివాహం చేసుకున్నంత రాద్ధాంతం.

గండగైలో నది పక్క పల్లం మీదుగా చాలా పొడుగైన పాత చెక్కవంతెన ఉండేది. 1977లో కొత్త వంతెన పడేదాకా సిడ్నీ మెల్‌బోర్న్ రాకపోకలన్నీ దానిమీదే. పలకల మీద టైర్లు టకటకమంటుంటే వెనకసీట్లో నిద్రపోయే పిల్లలు లేచి కూర్చునేవారట. శిథిలమైందని చివరికి కూల్చేశారు.

ఇక ఫాల్కన్. 1960లో వచ్చిన మొదటి ఫాల్కన్ అమెరికా రోడ్లకి చేసినది. ఇక్కడి కంకర దారులకి దాని ముందుచక్రాల కీళ్లు సడలిపోయాయి. పోయిన పరువు తిరిగి తెచ్చుకోవడానికి ఫోర్డ్ 1965లో మెల్‌బోర్న్ దగ్గరి యూ యాంగ్స్ పరీక్షా మైదానంలో ఎక్స్‌పీ ఫాల్కన్లని రాత్రింబవళ్లు 70,000 మైళ్లు తోలింది. కొన్ని కార్లు బోల్తాకొట్టాయి, లేపి సరిచేసి మళ్లీ తోలారు. మాటలకంటే ఆ మొండితనమే జనానికి నచ్చింది. ఆ తర్వాత యాభై ఏళ్లు టాక్సీవాళ్లు, పోలీసులు, కంపెనీ సేల్స్‌మన్లు ఈ రోడ్డు మీద పరిగెత్తించిన కార్లలో సగం ఫాల్కన్లే.

టార్కటా, సగం దారి. లారీవాళ్లు బళ్లు మార్చుకునే ఊరు, చనిపోయిన డ్రైవర్ల పేర్లు చెక్కిన స్మారకం ఉన్న ఊరు. టీ తాగి ముందుకు పోదాం, ఎందుకంటే అసలు సంగతి హోల్‌బ్రూక్‌లో ఉంది.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో గడ్డిమీద ఒక జలాంతర్గామి పైభాగం పడుకుని ఉంటుంది. నేను చెప్పదలచింది దాని గురించి కాదు. సిడ్నీ మెల్‌బోర్న్ మధ్య ఈ హైవే ఊరి నడిబొడ్డు నుంచి పోయిన ఆఖరి ఊరు హోల్‌బ్రూక్. 2013 ఆగస్టులో దానికీ బైపాస్ తెరిచారు. దాంతో హ్యూమ్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా నాలుగు వరసల రోడ్డయింది. అదే 2013 మే నెలలో ఫోర్డ్ ఆస్ట్రేలియాలో కార్ల తయారీ ఆపేస్తానంది. డిసెంబరులో జనరల్ మోటార్స్ హోల్డెన్ సంగతీ అంతేనంది. రోడ్డు పూర్తయిన ఏడాదే ఆ రోడ్డుకోసం పుట్టిన కార్లకి చీటీ చిరిగింది. ఆర్థికవేత్తలు వేరే కారణాలు చెబుతారు: దిగుమతి సుంకాలు తగ్గడం, డాలరు విలువ పెరగడం, ఇంత చిన్న మార్కెట్లో గిట్టుబాటు కాకపోవడం, జనం ఎత్తుబళ్లకి మళ్లడం. అన్నీ నిజాలే. నా లెక్క మాత్రం ఇంకొకటి. రేడియేటర్ మరిగే కొండలు, పలకల వంతెనలు, కంకర దారులు ఉన్నంతకాలం పెద్ద ఇంజను, గట్టి ఒళ్లు, రోడ్డు పక్కనే బాగుచేసుకోగల సెడాన్‌కి ఒక పని ఉండేది. రోడ్డు నున్నబడ్డాక ఏ దేశపు ఏ చిన్న కారైనా తొమ్మిది గంటల్లో మెల్‌బోర్న్ చేర్చేస్తుంది. ఇక ప్రత్యేకంగా ఈ కారే ఎందుకు?

ఆల్బరీ దగ్గర మర్రీ నది దాటితే విక్టోరియా. వాంగరాటా, 1880లో నెడ్ కెల్లీ నాగలి రేకుల కవచంతో పోలీసుల మీదకొచ్చిన గ్లెన్‌రోవన్, బెనాలా, యురోవా, సీమోర్, అన్నీ ఫ్రీవే మీది పచ్చబోర్డుల్లో పేర్లుగా వెళ్లిపోతాయి. చదును నేల, ఎండిన గడ్డి, గొర్రెలు. ఇక్కడ నిద్ర ముంచుకొస్తుంది, పాటలు పెట్టుకోవాలి.

మళ్లీ మనిషి అలికిడి క్రెయిగీబర్న్‌లో. ఒకప్పుడు గొర్రెల మేతబీళ్లు, ఇప్పుడు వరసగా కొత్త ఇళ్లు, వాటిలో భారతీయ కుటుంబాలు బోలెడు. అరుగుల ముందు నిలబెట్టిన బళ్లలో సెడాన్ కనబడటమే అరుదు. ఒకనాడు ఫాల్కన్ టాక్సీ రాత్రి షిఫ్టు నడిపి పొద్దున క్లాసుకెళ్లినవాళ్లు ఇప్పుడు ఏడు సీట్ల బళ్లలో పిల్లల్ని డాన్సు క్లాసుకి దింపుతున్నారు. ఆ రాత్రిళ్ల భయం చిన్నది కాదు. 2008 ఏప్రిల్‌లో ఒక భారతీయ విద్యార్థి డ్రైవరును కత్తితో పొడిచినప్పుడు, టాక్సీవాళ్లు మెల్‌బోర్న్ నడిబొడ్డున ఫ్లిండర్స్ స్ట్రీట్ కూడలిని రాత్రంతా కదలనివ్వలేదు. డ్రైవరు సీటుకీ ప్రయాణికుడికీ మధ్య అడ్డుతెర ఆ పోరాటంలో వచ్చిందే.

ఇంకొంచెం దిగితే క్యాంప్‌బెల్‌ఫీల్డ్. రోడ్డుకి ఆనుకునే ఫోర్డ్ ఫ్యాక్టరీ. 1959లో తెరిచారు, ఫాల్కన్లన్నిటికీ పుట్టిల్లు ఇదే అనుకోవచ్చు. అసెంబ్లీ లైను మీద నిలబడింది ఎక్కువగా గ్రీకులు, ఇటాలియన్లు, యుగొస్లావులు, తుర్కులు. లైను వేగం తట్టుకోలేక, తమ మాట యూనియనూ పట్టించుకోవడం లేదని 1973లో వాళ్లు తిరగబడి గోడలూ అద్దాలూ పగలగొట్టారు. దేశీయ కారు అని మురిసిపోయిన ప్రతి ఫాల్కన్‌నీ బిగించిన చేతులు నిన్నో మొన్నో ఓడ దిగినవే. 2016 అక్టోబర్ 7న ఆఖరి ఫాల్కన్, నీలంరంగు సెడాన్, ఇక్కడ లైను దిగింది. ఏడాది తిరిగాక అడిలైడ్ పక్కన ఎలిజబెత్‌లో, 2017 అక్టోబర్ 20న, ఆఖరి కమడోర్. 2020లో జనరల్ మోటార్స్ హోల్డెన్ పేరే ఎత్తేసింది.

ఇక్కడి ఫోర్డ్ ఇంజనీర్లు మాత్రం పని మానలేదు. మెల్‌బోర్న్‌లో వాళ్లు రూపుదిద్దిన రేంజర్ పికప్, ఇక్కడివాళ్ల మాటలో యూట్, థాయ్‌లాండ్‌లో తయారై ఓడల్లో వస్తోంది. 2023లో ఆస్ట్రేలియాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన బండి అదే. మూడు తరాలు హోల్డెన్ తప్ప గుమ్మం తొక్కనివ్వని ఇళ్లలో కూడా ఇప్పుడు రేంజర్ నిలబడి ఉంటోంది. అడిగితే, అది యూట్ కదా, కారు కాదు కదా, దాన్ని ఫోర్డ్ కొన్నట్టు లెక్కవెయ్యకూడదంటారు.