పంజరంలో కవి... పంచాయితీలో కవిత్వం

1945 మే నెలాఖరు. ఇటలీలోని పీసా దగ్గర అమెరికా సైనిక శిబిరం. ఆరుబయట ఇనుప బోను. లోపల అరవైకి దగ్గరపడిన ఓ అమెరికన్ కవి. పేరు ఎజ్రా పౌండ్. యుద్ధకాలంలో రోమ్ రేడియోలో కూర్చుని ముస్సోలినీని మోశాడు, సొంత దేశాన్ని తూలనాడాడు, యూదులపై విషం కక్కాడు. అందుకే దేశద్రోహ నేరం మోపారు.

ఆషామాషీ కవి కాదాయన. బృహదారణ్యకోపనిషత్తులోని ఉరుము కథను వాడుకున్న ఇలియట్ ‘వేస్ట్ ల్యాండ్’ (1922)ను కత్తిరించి తీర్చిదిద్దింది ఆయనే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ముక్కలైన లోకాన్ని అతికించుకోవడానికి ఆ తరం కవులు పురాణాలను పట్టుకున్నారు. మంచి ఆలోచనే. కానీ ఆ శిబిరంలో పౌండ్ రాసిన ‘పీసన్ కాంటోస్’ చంపేసిన ముస్సోలినీకి విలపిస్తూ మొదలవుతుంది. గ్రీకు దేవుడు డయోనిసస్ సరసన అతణ్ని నిలబెడుతుంది. రాజును విష్ణ్వంశ అని పొగడటం మన ప్రబంధ కవులకూ అలవాటే, ఆ మాటకొస్తే! అయితే ఇక్కడ దేవుడైంది ఫాసిస్టు నియంత.

మతి స్థిమితం లేదని తేల్చడంతో విచారణ తప్పింది. వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో ఉంచారు. ఆయన అక్కడ ఉండగానే, 1949లో ఆ పుస్తకానికి తొలి బోలింజెన్ బహుమతి ప్రకటించారు. ఎంపిక చేసిన పెద్దల్లో ఇలియట్, ఆడెన్ ఉన్నారు. కార్ల్ షపీరో కూడా.

షపీరో యూదుడు. పసిఫిక్ రంగంలో సైనికుడిగా పనిచేస్తూనే కవిత్వం రాసి 1945లో పులిట్జర్ అందుకున్నవాడు. యూదుల ఊచకోత ముగిసి నాలుగేళ్లయినా కాలేదు. కవిత్వాన్ని కవిత్వంగానే చూడాలన్నది తోటివారి వాదన. ఆయన ఒప్పుకోలేదు. యూదుణ్నయి ఉండి యూదు ద్వేషిని సన్మానించలేనన్నాడు. అంతటితో ఆగితే సొంత గాయం అని సర్దేసేవారేమో. పౌండ్ రాజకీయ, నైతిక భావాలు కవిత్వాన్నే చెడగొట్టాయనీ, సాహిత్యంగానే దాని స్థాయి దించాయనీ అన్నాడు. అసలు గట్టి మాట అదే. ద్వేషం కవి జేబులో ఉండిపోలేదు, పద్యంలోకి దిగింది. దుమారం రేగి, బహుమతి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చేయి దాటి యేల్ విశ్వవిద్యాలయానికి చేరింది.

పౌండ్ 1958లో విడుదలై ఇటలీ వెళ్లిపోయాడు. 1967లో, యూదు కుటుంబంలో పుట్టిన కవి ఆలెన్ గిన్స్‌బర్గ్ వెనిస్‌లో కలిస్తే, యూదు ద్వేషమే తాను చేసిన అతి పెద్ద తప్పన్నాడు. అది శివారు బస్తీల మనుషుల తెలివితక్కువ దురభిప్రాయమట. తప్పు ఒప్పుకున్నాడు, నిజమే. కానీ ఏ శివారు మనిషి చేతికీ రోమ్ రేడియో మైకు దొరకలేదు.