కిటికీలోంచి వచ్చిన మంచం

రాజమండ్రి నుంచి అత్తగారు వస్తున్నారని తెలియగానే కోడలు ఆవిడ కోసం ఓ మంచం కొంది. మంచమైతే వచ్చింది గానీ గుమ్మంలోంచి కాదు, మూడో అంతస్తు కిటికీలోంచి! ఇంటి నెత్తిన ఉన్న కొక్కేనికి గిలక తగిలించి, నూతిలోంచి చేద తోడినట్టు ఇద్దరు మనుషులు దాన్ని పైకి లాగారు.

ఆమ్‌స్టర్‌డామ్ కాలవగట్టు ఇళ్లలో ఇది మామూలే. మెట్లదారి అంత ఇరుకు మరి. ఆ దంపతులు అద్దెకుంటున్నది ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే కాలవ పక్కన. ఈ కాలవల తవ్వకం మొదలైంది 1613లో. గట్టున వర్తకులు కట్టుకున్న ఇళ్లన్నీ సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఇంటి వెడల్పును బట్టి పన్ను వేసేవారట, అందుకే అలా కట్టారని చెబుతారు. సరుకు పై అటకల్లో దాచేవారు కాబట్టి ఆ కొక్కెం. పైకెక్కే మూట గోడకు కొట్టుకోకుండా కొన్ని ఇళ్ల ముఖాన్ని కాస్త ముందుకు వాల్చి కట్టారు కూడా. 2010లో యునెస్కో ఈ కాలవల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వీళ్ల వాటాను ఈమధ్యే బాగుచేశారు. వంటిల్లు కొత్తది, స్నానాలగది కొత్తది. దూలాలు మాత్రం పాతవే. మెట్లూ పాతవే! రక్షిత భవనం కావడంతో కిటికీ మార్చాలన్నా నగరపాలక సంస్థ అనుమతి కావాలి. జీతంలో మూడోవంతు అద్దెకే పోతోంది. అయినా కిటికీ తెరిస్తే కాలవ, పడవలు... చూడగానే ఇద్దరూ సరేననేశారు.

అత్తగారు కింద నిలబడి ఆ మెట్లవంక చూశారు. అవి మెట్లు కావు, నిచ్చెనకు అన్నలు. ''ఏరా, నన్ను అటకెక్కించేస్తారా ఏంటి?'' అన్నారు. పక్కనున్న తాడు పట్టుకుని, మెట్టుకో దేవుణ్ని తలుచుకుంటూ పైకి చేరారు. మోకాళ్ల నొప్పులు. తర్వాత మూడు రోజులు కిందకు దిగలేదు.

కిటికీ దగ్గర కూర్చుని ఓ సాయంత్రం అడిగారు, ''నీళ్ల పక్కన ఇన్నేళ్లు ఎలా నిలబడిందిరా ఈ ఇల్లు?''

కొడుకు చెప్పాడు. ఇక్కడి నేల మెత్తటి బురద. దాదాపు పన్నెండు మీటర్ల లోతున గట్టి ఇసుక పొర తగిలేదాకా చెక్క దుంగలు దిగ్గొట్టి, వాటిమీద ఇళ్లు లేపారు. ఊరి నడుమనున్న రాజభవనం కిందే 13,659 దుంగలున్నాయి. నీళ్లలో మునిగున్నంతకాలం వాటికి ఢోకా లేదు. నీటిమట్టం తగ్గి గాలి తగిలితే మాత్రం కుళ్లిపోతాయి.

''ఇది తడిగా ఉంటేనే బతుకుతుందన్నమాట. మనిల్లు తడిసే పోతోంది'' అన్నారావిడ.

ఆ రాత్రే పెట్టెలో ఆవకాయ సీసా కిందనుంచి కాయితాలు తీశారు. రాజమండ్రిలో మామగారు వదిలి వెళ్లిన పెంకుటిల్లు. వానాకాలం వస్తే గదికో గిన్నె పెట్టాల్సిందే. దాన్ని బిల్డరుకిచ్చేద్దామని హైదరాబాదులో ఉన్న పెద్దకొడుకు అంటున్నాడు. ఐదంతస్తులు వేస్తారట. చిన్నకొడుకు సంతకం పెడితే చాలు.

అతను పెన్ను పట్టుకుని పైన దూలాలకేసి చూశాడు. ''వీళ్లు చూడమ్మా, ఎంత జాగ్రత్తగా దాచుకున్నారో!''

''దాచుకుంటే ఉండలేదురా. మీలాంటివాళ్లు అద్దె కట్టి, రోజూ ఈ మెట్లెక్కి దిగుతూ కాపురం చేస్తున్నారు. అందుకే ఉంది. మనింట్లో ఎవరున్నారు? నువ్విక్కడ, వాడక్కడ. నేనొక్కదాన్నీ ఎన్ని గదుల్లో దీపం పెట్టను?''

అతని దగ్గర జవాబు లేదు. పెన్ను బల్లమీద పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న కోడలు లేచేసరికి అత్తగారు మంచంమీద లేరు. కంగారుగా కిందకు తొంగి చూస్తే కాలవ పక్కన బెంచీమీద కూర్చుని ఉన్నారు. తాడు పట్టుకుని ఒక్కరే దిగారట! ఫోనులో పెద్దకొడుకుతో మాట్లాడుతున్నారు. ''ఒరే, ఇల్లు మళ్లీ నేయించడానికి ఎంతవుతుందో మేస్త్రీని అడుగు. వీధివైపు రెండు గదులూ బాగుచేయిస్తే అద్దెకెవరైనా వస్తారేమో అది కూడా కనుక్కో.''

కాయితాలు మళ్లీ ఆవకాయ సీసా కిందకే చేరాయి. సంతకం పడలేదు. అలాగని ఎవరూ వాటిని చింపెయ్యనూ లేదు.