దిగువ పొట్టకాలువ



'ధమని' అన్న మాటకు మూలం 'ధ్మా' ధాతువు. ఊదుట అని దానికి అర్థం. గ్రీకువారి 'ఆర్టీరియా' కూడా మొదట గాలిగొట్టానికే పేరు. ధమనులలో గాలి తిరుగుతుందని వారి వైద్యులు కొందరు నమ్మారు. ఉన్నది రక్తమేనని క్రీ.శ. 2వ శతాబ్దంలో గేలెన్ నిరూపించాడు. గాలి పోయినా రెండు భాషలలోనూ పాతపేర్లే నిలిచాయి.

ఈ శబ్దచర్చకు కారణం వ్యాకరణ కుతూహలం కాదు, నా కుడిగజ్జలో కనిపించిన ఉబ్బు. వైద్యుడు చూసి హెర్నియా అన్నారు. మన ప్రాచీనుల మాటలో ఆంత్రవృద్ధి. జారిన పేగు బిగుసుకొని రక్తం అందకపోతే ప్రాణాపాయమట, కనుక శస్త్రచికిత్స మంచిదన్నారు. ఇక్కడ కాకినాడలోనే, 1958లో స్థాపించిన రంగరాయ వైద్యకళాశాలలో మా మనుమరాలు చదువుతున్నది. ఆమెను అడిగితే "తాతయ్యా, ముందు నీకొక ధమనిని పరిచయం చెయ్యాలి" అన్నది.

దాని పేరు ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ఆర్టరీ. 'ఎపి' అంటే మీద, 'గాస్టర్' అంటే పొట్ట. ఇన్ఫీరియర్ అంటే ఇక్కడ అధమమని కాదు, దిగువన ఉన్నదని మాత్రమే. కాలికి రక్తం తీసుకుపోయే పెద్దధమని గజ్జను దాటబోయే ముందు దీనికి జన్మనిస్తుంది. తల్లి కిందికి పోతుంది, పిల్ల పైకి ఎక్కుతుంది. ఏటవాలుగా నాభివైపు సాగి, పొట్ట నడుమ నిలువుగా ఉండే కండరం వెనుకకు చేరి, దానికి రక్తం పంచుతుంది.

గజ్జలో వచ్చే హెర్నియా ఏ జాతిదో తేల్చే సరిహద్దురాయి ఈ ధమనియే. పురుషులలో వృషణానికి పోయే తాడు పొట్టగోడను దాటే రంధ్రం దీనికి వెలుపలి పక్కన ఉన్నది. పేగు ఆ రంధ్రంలోనుండి వస్తే ఒక రకం. ధమనికి లోపలి పక్కన, అంటే పొట్ట నడిమివైపు, గోడే బలహీనపడి ఉబ్బితే రెండవ రకం. డెల్టావాళ్లం కనుక నాకిది వెంటనే బోధపడింది. మొదటిది తూములోనుండి వచ్చిన నీరు, రెండవది గట్టుకు పడిన గండి. వయసు మీరినవారిలో గండ్లు తరచు. నాదీ గండియేనని వైద్యుని అంచనా. లోపల ధమనిని చూశాకగాని నిశ్చయం కాదట. పొట్టకు చిల్లులు పెట్టి గొట్టాలు దింపేటప్పుడు దీనికి గాటు పడితే రక్తస్రావమే. అందుచేత శస్త్రవైద్యులు దీని దారిని గుర్తుంచుకొనే చెయ్యి కదుపుతారు.

నన్ను అన్నింటికంటె ముగ్ధుణ్ణి చేసినది మరొకటి. ఛాతీలోనుండి ఇటువంటి ధమనియే మరొకటి కిందికి దిగి, నాభికి ఎగువన ఆ కండరంలోనే దీని కొమ్మలతో కలుస్తుంది. ఏలూరులో కృష్ణ కాలువా గోదావరి కాలువా కలిసినట్లు! పొట్టలోని మహాధమని దిగువభాగం క్రమంగా పూడుకుపోయినవారిలో, ఛాతీనుండి ఈ దారినే రక్తం కాళ్లకు చేరుతుంది. అప్పుడు మన ధమనిలో ప్రవాహం ఎదురుతిరుగుతుంది. ఎదిగే శక్తి ఉన్నది కనుకనే పిల్లకాలువ పెద్దకాలువ పని చేస్తుంది.

ధమనులు ఇరవైనాలుగనీ, నాభినుండి పుడతాయనీ సుశ్రుతసంహిత చెబుతున్నది. అన్నింటికీ మూలం హృదయమని నేటి శాస్త్రం. అయినా గర్భంలో ఉన్నంతకాలం మనకు పోషణ అందినది నాభిద్వారానే కనుక, ఆ పూర్వుని చూపును తోసివేయడానికి మనసొప్పదు.

ఇక పేరు. 'అధః', 'ఉదర' కలిపితే విసర్గ లోపించి 'అధ ఉదర' అవుతుంది, నోటికి ఎక్కదు. 'పొట్టధమని' అంటే వైరిసమాసమని పండితులు ముఖం చిట్లిస్తారు. ప్రస్తుతానికి 'దిగువ పొట్టకాలువ' అనుకుంటున్నాను. ఇంతకంటె చక్కని మాట తోచినవారు తెలుపగోరుతాను. ఫాల్గుణంలో శస్త్రచికిత్స. లోపల ఏమి చూశారో వైద్యుడు చెప్పేటప్పుడు, ఆ కాలువను నా భాషలో పిలిచి అడగాలని కోరిక.