రెండవ రుసుము

ఫిఖ్హ్ పాఠంలో ఇజారా అధ్యాయం వచ్చినప్పుడల్లా, కూలి ఎంతో ముందే తెలిసి ఉండాలని విద్యార్థులకు బోధిస్తుంటాము. వినుకొండలో మిరప కోతలకు వెళ్ళే ఒక తండ్రి తన బిడ్డ క్షయ చర్మపరీక్ష బిల్లు తెచ్చి చూపగా ఆ అధ్యాయమే మాకు గుర్తుకొచ్చింది. సూదికొక రుసుము, ఫలితం చూసినందుకు మరొకటి. రెండవదాని మాట ముందుగా ఎవరూ చెప్పలేదట.

మాంటూ పరీక్షకు రెండుసార్లు వెళ్ళక తప్పదు. ముంజేతి చర్మంలోకి మందు ఎక్కించాక 48 నుండి 72 గంటల మధ్య, గట్టిపడిన వాపును కొలవాలి. ఎరుపు లెక్కకు రాదు. డబ్బు లేక రెండవసారి వెళ్ళకుంటే మొదటి ఖర్చూ వృథాయే. వైద్యుని శ్రమకు వెల ఉండడం న్యాయమే. దాచడమే మాకు నచ్చనిది.

ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ నిర్ధారణ, మందులు ఉచితం. వ్యాధి తేలితే పోషణకై నెలకు 500 రూపాయలుగా ఉన్న సహాయం 2024 నవంబరు నుండి 1000 అయింది. అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.